నూతక్కి తులశమ్మ పచ్చడికి ఐదు నక్షత్రాలు

పండగ పూట జనం పొయ్యి వెలిగించే ముందు ఫోను వెలిగిస్తున్నారన్న సంగతి ప్రభుత్వం వారి దృష్టికి వచ్చింది. ఫోనులో ఒకాయన బొబ్బట్టులో చీజు పెట్టమంటాడు. ఇంకొకావిడ పులిహోరలో నిమ్మకాయ బదులు వెనిగర్ పోసినా తప్పులేదంటుంది. జనం చేస్తారు, తిన్నాక బాధపడతారు. ఇలాంటి అరాచకాన్ని చూస్తూ ఊరుకోవడానికి అది ప్రభుత్వమా, పక్కింటివాళ్లా? అందుకని 'పండుగ వంటకాల అంతర్జాల మార్గదర్శక మండలి' పుట్టింది. నేను అందులో ఫిర్యాదుల విభాగానికి సూపరింటెండెంటుని.

మా ఆఫీసు గుంటూరులో ఒక మిరపకాయల కమిషన్ కొట్టు పై అంతస్తులో ఉంది. కింద బస్తా విప్పితే పైన మాకందరికీ కళ్లు కారతాయి. పనిమీద వచ్చిన పౌరులు మమ్మల్ని చూసి, తమ కష్టానికి ఈ ఆఫీసు ఇంతగా కన్నీళ్లు పెడుతోందని ఎంతో తృప్తిపడి వెళ్లేవారు. మొదటి ఏడాది మాకు వచ్చిన మంచి పేరు అదొక్కటే.

మా డైరెక్టరు ప్రభంజనరావు గారు అంతకుముందు చేపల శాఖలోనూ, దానికి ముందు జైళ్ల శాఖలోనూ చేశారు. ఇంట్లో మంచినీళ్ల కోసమైనా వంటగదిలోకి వెళ్లి ఎరగని మనిషి. అందుచేత ఏ వంటకం మీదా ఆయనకు పక్షపాతం లేదు. ఆయన్ని ఎక్కడో కొండ ప్రాంతంలో జరిగిన శిక్షణకు పంపించారు. అక్కణ్నుంచి ఒక శాలువా, ఒక జలుబు, 'పౌర సంతృప్తి' అనే మాట పట్టుకొచ్చారు. జలుబు వారంలో తగ్గింది.

రాగానే సర్క్యులర్ తీశారు. దాన్ని మా అందరి ముందూ ఆయనే నిలబడి చదివారు.

"మండలి పోర్టల్‌లోని ప్రతి వంటకానికీ పౌరులు నక్షత్రాలు వేయుదురు. ఐదు వచ్చినచో ఉత్తమము. ఒకటి వేసి ఫిర్యాదు చేసినచో, రెండు దినములలోగా సదరు ఫిర్యాదు ముగింపబడవలెను. పౌరుని ఫిర్యాదును తిరస్కరించు అధికారము ఎవరికినీ లేదు. ఫిర్యాదు సత్యమా అసత్యమా అని విచారించుట పౌరుని అవమానించుటయే. ఏ పదార్థము మీద ఫిర్యాదు వచ్చినదో ఆ పదార్థమును సవరించి, 'వంటకము సవరింపబడినది' అని తెలియజేయవలెను. ప్రజలలో గందరగోళము కలుగకుండుటకై పాత ప్రతి తుడిచివేయబడును."

"ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చకపోతే ఏం చేద్దామండి?" అని నేనడిగాను.

"నచ్చినవాడు ఫిర్యాదు చేయడు కదా," అన్నారు. ఆ తర్కాన్ని ఫైల్లో రాసుకున్నాను. ఇప్పటికీ అందులోనే ఉంది.

మా పోర్టల్‌లో ఉగాది పచ్చడి చేసే విధానం ఒకే ఒక్కటి ఉంది. అంతకు రెండేళ్ల ముందు మండలి వారి 'వంటల రథం' ఊళ్లమీద తిరిగి ఆడవాళ్ల నోటివెంట వంటలు రాసుకొచ్చినప్పుడు, పొన్నూరులో నూతక్కి తులశమ్మ అనే ఆవిడ చెప్పిన పచ్చడి అది. పైన ఆవిడ పేరు, పక్కన ఫొటో. కొత్త చీర కట్టుకుని, ఎవరో 'నవ్వండి' అంటే నవ్వని మొహంతో నిలబడింది.

ఉగాది ఇంకా నెల ఉందనగా ఆ ఊరి నుంచే ఒక పెద్దాయన మా సహాయ నంబరుకి ఫోను చేశాడు.

"నా పేరు నూతక్కి బసవయ్యండి. ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యా. మీ దాంట్లో ఉన్న ఉగాది పచ్చడి మా ఆవిడది."

"సంతోషమండి. ఆమెకు మండలి తరఫున అభినందనలు చెప్పండి," అన్నాను.

"ఆమె పోయి ఏడాదయింది బాబూ. మొన్ననే సంవత్సరీకం పెట్టా. ఇంక పండగ చేసుకోవచ్చన్నారు పంతులుగారు."

ఆయన చెప్పుకుపోయాడు. పెళ్లయినప్పటినుంచీ ఆవిడ చేస్తే తినడమే గాని, ఎట్లా చేస్తుందో ఒక్కనాడూ తొంగిచూడలేదట. ఆవిడ పచ్చడి కలిపే వేళకి ఈయన వసారాలో పేపరు చదువుకుంటూ ఉండేవాడట. పిల్లలు లేరు. ఇరుగుపొరుగు తెచ్చిస్తామన్నారు గాని, ఈయనకి ఆ రుచే కావాలి. ఈ ఉగాదికి తన చేత్తో ఆ పచ్చడి చేసి ఆవిడ ఫొటో ముందు పెట్టాలన్నది ఒక్కటే కోరిక.

"రాసుకున్నారా అండి?" అని అడిగాను.

"రాసుకోడం దేనికి? గవర్నమెంటు దగ్గర ఉందిగా. ఎక్కడికి పోయిద్ది?" అన్నాడు ధీమాగా. "పండగనాడు పొద్దున్నే మీ దాంట్లో చూసి, ఒక్కో మాటా చదువుకుంటా చేస్తా. ఇంకా కొత్త చింతపండు కూడా సరిగ్గా రాలేదు బజారులోకి."

బాబాయి గారూ, వెంటనే ఒక కాగితం మీద రాసుకోండి అని చెప్పవలసింది. కాని ప్రభుత్వోద్యోగి అయివుండి ప్రభుత్వాన్ని అంత నమ్మిన మనిషిని నేను చూడటం అదే మొదలు. సరేనండి అని ఫోను పెట్టేశాను.

మొదటి ఫిర్యాదు ఆ వారంలోనే వచ్చింది. 'పచ్చడి చేదుగా ఉంది. మా పాప ఉమ్మేసింది. ఒక్క నక్షత్రం. అది కూడా ఫొటో బాగుంది కాబట్టి.'

డైరెక్టరు గారు సమావేశం పిలిచారు. షడ్రుచుల సలహాదారుగా మండలిలో ఒక ఆచార్యులు గారు ఉన్నారు. ఆయన లేచి, వేపపువ్వు లేనిదే అది ఉగాది పచ్చడి కాదనీ, చేదు కూడా తినాలనే ఆ పండగ ఉద్దేశమనీ గంభీరంగా సెలవిచ్చారు.

"ఆచార్యా, పోర్టల్‌లో తమరు ఎన్ని నక్షత్రాలు వేశారు?" అన్నారు డైరెక్టరు గారు.

"నేను వేయలేదండి. నాకు ఫోను సరిగ్గా రాదు."

"అయితే తమ అభిప్రాయము నమోదు కాలేదు. పౌరుని అభిప్రాయము నమోదైనది. పౌరునికి చేదు తినిపించుట ఈ ప్రభుత్వ విధానము కాదు."

వేపపువ్వు తీసేశాను. 'వంటకము సవరింపబడినది' అని ఆ పాప తండ్రికి సందేశం వెళ్లింది. ఆయన సంతోషించి నాలుగు నక్షత్రాలు వేశాడు. మా శాఖలో ఒక ఫిర్యాదు అంత చక్కగా ముగియడం అదే మొదలు. డైరెక్టరు గారు నాకు టీ తెప్పించారు.

తర్వాత ఫిర్యాదులు ఊపందుకున్నాయి. మండలి అడిగినవన్నీ తీసేస్తోందని తెలిస్తే అడగనివాడు పాపాత్ముడు. ఒకావిడ, పులుపుకి తన మామగారి కట్టుడు పళ్లు జివ్వుమన్నాయని రాసింది. కట్టుడు పళ్లు ఎలా జివ్వుమంటాయండీ అని మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. సర్క్యులర్ చూపించాను. సత్యాసత్యాలు విచారించరాదు. చింతపండు పోయింది.

ఇంకొక పౌరుడు, 'నేను ఇంకా చేయలేదు, చదువుతుంటేనే కారంగా అనిపించింది,' అన్నాడు. ఇక్కడ కొంచెం చిక్కు వచ్చింది. గుంటూరులో, అదీ మిరపకాయల కొట్టు నెత్తిన కూర్చుని, మిరపకాయ తీసేయడం అంటే మాటలు కాదు. ఫైలు మీద సంతకం ఇంకా ఆరకముందే కింది కొట్టు యజమాని మస్తాన్‌రావు మెట్లెక్కి వచ్చాడు.

"ఏందండీ, మా నెత్తిమీద కూర్చోని మిరపకాయ తీసేస్తన్నారంట?"

"తీసివేయుట కాదు. సవరించుట," అన్నారు డైరెక్టరు గారు.

"ఊళ్లో తలెత్తుకు తిరగాలా వద్దా నేను? మిరపకాయ వద్దనే ఆఫీసుకి బిల్డింగు ఇచ్చానంటే మిర్చి యార్డులో నన్ను చూసి నవ్వరా?"

"మీ బాధ మాకు అర్థమైనది. మీరు కూడ పోర్టల్‌లో ఒక్క నక్షత్రం వేసి ఫిర్యాదు చేసుకొనవచ్చును."

"నేను ఫోనులో రేట్లు చూసుకుంటానండి. పచ్చళ్లు చూసుకోను," అని మస్తాన్‌రావు దిగిపోయాడు. ఆ మధ్యాహ్నం కింద మామూలుకంటే ఎక్కువ బస్తాలు విప్పించాడు. పౌర సంతృప్తి మీద డైరెక్టరు గారు ఇచ్చిన ఉపన్యాసం మేమంతా ఏడుస్తూనే విన్నాం.

ఉప్పు రక్తపోటు వల్ల పోయింది. బెల్లం పోయిన తీరు ఇంకా ముచ్చటైనది. 'ఇంట్లో బెల్లం లేదు, చాక్లెట్ సిరప్ వేశాను. మామిడికాయ దొరకలేదు, యాపిల్ కోశాను. అస్సలు బాగా రాలేదు. మీ రెసిపీ నమ్ముకుని పండగ పాడుచేసుకునేవాణ్ణి' అని ఒకడు ఉగాదికి పన్నెండు రోజుల ముందే రాశాడు. అందుబాటులో లేని పదార్థము పేర్కొని పౌరుని ఇబ్బందికి గురిచేయుట తగదని డైరెక్టరు గారు బెల్లం తీయించారు. పనిలో పనిగా మామిడికాయ కూడా తీసేద్దామా అన్నాను. "దాని మీద ప్రత్యేక ఫిర్యాదు రావలెను. మనము ముందుగా తొందరపడరాదు," అన్నారు. ఆయనకు నియమం అంటే నియమమే.

అది కూడా వచ్చింది. 'ఇందులో వగరు ఉంటుందని రాశారు. వగరు అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తెలియనిది తినాలంటే భయంగా ఉంది.'

మధ్యమధ్య బసవయ్యగారి ఫోను వచ్చేది. చేదు పోయిన రోజున, "గవర్నమెంటు తీసిందంటే ఏదో కారణం ఉండే ఉంటదిలే," అన్నాడు. పులుపు, కారం పోయినప్పుడు, "మళ్లీ పెడతారా బాబూ, పండగ లోపల?" అన్నాడు. బెల్లం పోయిన రోజున, "ఇప్పుడు రాసుకుందామంటే ఏముంది రాసుకోడానికి?" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది. పాత ప్రతి కోసం కంప్యూటరు కుర్రవాళ్ల చుట్టూ తిరిగాను. తుడిచేయమన్నది తుడిచేశాం, అందులో మా పనితనం చూడండి అన్నారు.

మామిడికాయ పోయాక పచ్చడిలో నీళ్లు మిగిలాయి. తయారుచేయు విధానం మాత్రం అలాగే ఉంది, దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి. 'కొత్త కుండలో ఒక గ్లాసు నీళ్లు పోసి, గరిటెతో బాగా కలిపి, దేవునికి నివేదించి, ఇంటిల్లిపాదికీ పంచవలెను. ఆనాడే వాడవలెను.' నీళ్లు చల్లగా ఉండి గొంతు పట్టిందని ఒకావిడ రాస్తే 'గోరువెచ్చని' అని చేర్చాను. ఆ తర్వాత ఫిర్యాదులు ఆగిపోయాయి. నక్షత్రాలు నాలుగుకు, నాలుగున్నరకు, చివరికి నిండు ఐదుకు చేరాయి. పోర్టల్ తెరిస్తే అన్నిటికంటే పైన అదే కనిపించేది: ఉగాది పచ్చడి, నూతక్కి తులశమ్మ, పొన్నూరు, ఐదు నక్షత్రాలు. కింద ఆవిడ నవ్వని మొహం.

డైరెక్టరు గారు మమ్మల్ని పిలిచి ప్రకటించారు. "షడ్రుచులలో ఏ ఒక్కదానికీ ప్రాధాన్యము ఇవ్వని పచ్చడి దేశములో ఇదొక్కటే. ఉగాదినాడు మండలి ఉత్సవములో గౌరవ ముఖ్య అతిథి వారికి దీనినే అందజేసెదము. పెండింగు ఫిర్యాదులు సున్న అని వేదిక మీద ప్రకటించెదము. ఈ ఏటి పౌర సంతృప్తి అవార్డు మనదే."

ఆచార్యులు గారు చిన్నగా దగ్గారు. ఆ దగ్గు నమోదు కాలేదు.

ఉగాది ఐదు రోజులుందనగా నేనే బసవయ్యగారికి ఫోను చేశాను. తలుపు వేసుకుని, గొంతు తగ్గించి చెప్పాను. "బాబాయి గారూ, ఒక్కటే దారుంది. మీరు ఫిర్యాదు చెయ్యండి. పులుపు లేదని రాస్తే పులుపు వేసి తీరాలి మేము. కాదనే అధికారం ఎవడికీ లేదు."

"ఫిర్యాదా? ఎవరి మీద?"

"పచ్చడి మీద. ఒక్క నక్షత్రం వేసి..."

"మా ఆవిడ పేరు మీద ఒక్క చుక్క వెయ్యమంటావా?" ఆయన గొంతు మొదటిసారి పెరిగింది. "ఆమె ఫొటో ముందు పచ్చడి పెట్టడానికి ఆమె పేరుకే మచ్చ పెట్టాలా? మంచి సలహా ఇచ్చావయ్యా." ఫోను పెట్టేశాడు.

ఆ రోజంతా నాకు పని తోచలేదు. ఆయన అన్నది న్యాయమే. నేను చెప్పిందీ న్యాయమే. రెండు న్యాయాల మధ్య ఒక మనిషి పండగ పోతోంది. మా సర్క్యులర్‌లో దీనికి పేరా లేదు.

మర్నాడు ఆఫీసు తెరిచేసరికి ఆయన ఫోను మోగుతూనే ఉంది.

"ఇప్పుడే చూశానయ్యా మీ దాంట్లో. గోరువెచ్చని నీళ్లంట, కింద మా ఆవిడ పేరు, ఐదు చుక్కలు." అన్నాడు. "ఉత్త నీళ్లకి ఐదు వచ్చేకంటే, పచ్చడికి ఒక్కటి రావడమే మర్యాద. ఎక్కడ నొక్కాలో చెప్పు."

చెప్పాను. నొక్కాడు. మొదటి ఫిర్యాదు వచ్చింది: 'పచ్చడిలో పచ్చడి లేదు.'

"ఇట్లా కాదు బాబాయి గారూ. పదార్థం పేరు చెప్పాలి. పులుపు అనండి."

"పులుపు లేదు."

"ఎంత వేద్దాం?"

"ఆమె ఎంత వేసేదో నాకెట్టా తెలుసయ్యా? నోట్లో పెట్టుకుంటే తెలిసిద్ది."

అందుకని అలాగే చేశాం. నేను 'కొత్త చింతపండు, ఉసిరికాయంత' అని సవరించేవాణ్ణి. ఆయన పొన్నూరులో అది చేసి, నాలుక మీద వేసుకుని, మళ్లీ ఒక్క నక్షత్రం వేసేవాడు. 'చాలదు.' నిమ్మకాయంత చేశాను. 'ఇది ఎక్కువ.' మధ్యలో ఆగాం. బెల్లం దగ్గర రెండు పూటలు పట్టింది. కారం దగ్గర మాత్రం ఒక్క దెబ్బకే కుదిరింది. ఎంతయినా గుంటూరు జిల్లా. ఒకసారి ఉప్పు ఎక్కువై తన నోరు మండిపోయిందని తిట్టాడు కూడా. ఆయన తిడుతుంటే నాకు ప్రాణం లేచివచ్చింది.

మూడో రోజున డైరెక్టరు గారు పిలిచారు. ఆయన బల్ల మీద పోర్టల్ తెరిచి ఉంది. ఐదు నక్షత్రాలు మూడయ్యాయి.

"ఈ బసవయ్య ఎవరు? ప్రతిపక్షమా?"

"కాదండి. పౌరుడండి."

"ఒక్క పౌరుడు ఇన్ని ఫిర్యాదులా?"

"ఇన్నే చెయ్యాలని సర్క్యులర్‌లో హద్దు పెట్టలేదండి."

"తిరస్కరించు."

"తిరస్కరించే అధికారం ఎవరికీ లేదని తమరే రాశారండి. తిరస్కరిస్తే కింద తమరే సంతకం పెట్టాలి."

ఆయన కలం తీశారు, చూశారు, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. తన సర్క్యులర్‌ని తానే దాటేటంత పాపిష్టి కాదు ఆయన. కొంతసేపు పంకా వైపు చూసి, "ఉత్సవములో మాత్రము ఐదు నక్షత్రముల ప్రతినే వడ్డించవలెను. కరపత్రములు అచ్చైనవి. అటుపిమ్మట బసవయ్య గారి ఇష్టము," అన్నారు.

పండగ ముందురోజు సాయంత్రానికి అన్నీ కుదిరాయి, చేదు తప్ప. వేపపువ్వు గుప్పెడు వేశాం. ఆయన చేసి చూసి ఫోను చేశాడు.

"చేదు సరిపోయింది. కానీ ఆమెది ఇట్టా నాలిక్కి అంటుకోదు. ముందు తీపి తగిలి, ఆనక వచ్చేది చేదు."

"ఎప్పుడు వేశారు బాబాయి గారూ, పువ్వు?"

"మొదట్లోనే. అన్నిటితో పాటు నానేశా."

"అన్నీ కలిపాక ఆఖర్న వేసి చూడండి."

ఫోను పెట్టకుండానే లోపలికి వెళ్లాడు. గిన్నె చప్పుడు, చెంచా చప్పుడు వినిపించాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. "హలో" అన్నాను. చాలాసేపటికి, "రేప్పొద్దున్న చేస్తా బాబూ," అని మాత్రం అన్నాడు. ఆ గొంతు విన్నాక ఇక అడగడానికి ఏమీ లేదు.

ఉగాదినాడు మా ఉత్సవం ఆఫీసులోనే మహావైభవంగా జరిగింది. మామిడి తోరణాలు కట్టారు. పంచాంగం చదివినాయన వానలు బాగా పడతాయనీ, అధికారులకు మన్నన దక్కుతుందనీ చెప్పాడు. వెండి గ్లాసుల్లో గోరువెచ్చని నీళ్లు పంచారు. ముఖ్య అతిథి వారు రెండు గ్లాసులు తాగి, ఇంత సులువుగా గొంతు దిగిన ఉగాది పచ్చడి తమ రాజకీయ జీవితంలో చూడలేదన్నారు. మస్తాన్‌రావు జేబులోంచి పచ్చిమిరపకాయ తీసి కొరికి, మండలి వారి పచ్చడితో మింగాడు.

డైరెక్టరు గారు పెండింగు సున్న అని ప్రకటించడానికి మైకు దగ్గరికి వెళుతుండగా నా ఫోను కిర్రుమంది. కొత్త ఫిర్యాదు. నూతక్కి బసవయ్య, ఒక్క నక్షత్రం.

'పచ్చడి కుదిరింది. ఆమె చేసినట్టే ఉంది. ఫిర్యాదు ఏమిటంటే, ఆమె ఉన్నన్నాళ్లూ ఏటా పచ్చడి నోట్లో పెట్టుకుని ఏదో ఒకటి తక్కువైందనేవాణ్ణి. నిజానికి ఏదీ తక్కువయ్యేది కాదు. బాగుందని ఒక్కసారీ అనలేదు. ఇవాళ అందామంటే మనిషి లేదు. దీనికి మీ శాఖ ఏం చేస్తుందో తెలుపగలరు.'

పరుగున వెళ్లి డైరెక్టరు గారికి చూపించాను. ఆయన చదివారు. మళ్లీ చదివారు. కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజు కింద కొట్టు సెలవు.

"ఇందులో సవరించుటకు పదార్థము ఏది?" అన్నారు నెమ్మదిగా.

"లేదండి."

"తిరస్కరించుటకు వీలు లేదు."

"లేదండి."

"అయితే నీవే వెళ్లుము. ఏదో ఒకటి చేసి ముగించుము. సున్న సంగతి నేను సాయంత్రము ప్రకటించెదను."

పొన్నూరు బస్సెక్కాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. కంట్రోలర్ గారిల్లు అంటే అందరికీ తెలుసు. బసవయ్యగారు నేననుకున్నదానికంటే పొట్టిగా ఉన్నారు. ఇస్త్రీ చేసిన చొక్కా, భుజాన కొత్త కండువా. లోపల గోడకి తులశమ్మగారి ఫొటో, మా పోర్టల్‌లో ఉన్నదే పెద్దది చేయించారు. దాని ముందు చిన్న గిన్నెలో పచ్చడి.

"గవర్నమెంటు ఇంటికొచ్చిందే," అని నవ్వి, స్టీలు గ్లాసులో పోసి ఇచ్చారు.

తాగాను. ముందు తీపి తగిలింది, వెంటనే పులుపు, మామిడి ముక్క పంటికింద వగరుగా నలిగింది, కారం చెవుల దాకా వెళ్లింది, అంతా అయ్యాక నెమ్మదిగా చేదు. నెల రోజులుగా నేను ఒక్కొక్కటే తీసేసినవన్నీ అవి. నాకు సిగ్గు వేసింది, ఆకలీ వేసింది.

ఆయన నా మొహమే చూస్తున్నారు. ఈ ఇంట్లో ఏటా ఎవరో ఒకరు వంక పెట్టడం ఆనవాయితీ కదా, ఆ లోటు తీరిస్తే ఫిర్యాదు ముగుస్తుందేమోనని నా గుమాస్తా బుర్రకి తట్టింది.

"ఉప్పు ఒక్క రవ్వ తగ్గిందేమో బాబాయి గారూ," అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "ఎవరికయ్యా తగ్గింది? ఏం తిన్నావ్ పొద్దున్నుంచీ? వేడినీళ్లు తాగొచ్చిన నోటికి ఉప్పేం తెలిసిద్ది?" గ్లాసు లాక్కుని మళ్లీ నిండా పోసి నా చేతిలో పెట్టారు. "ఆమె పచ్చడికి వంక పెట్టే హక్కు నాదొక్కడిదే. నేనే మానేశా. మళ్లీ తాగి చెప్పు."

తాగాను. "బాగుందండి. అన్నీ సరిపోయాయి," అన్నాను. ఈసారి నిజమే చెప్పాను.

"నాకెందుకు చెప్తావు? నేను చేసిందా ఇది?" అని నా భుజం పట్టుకుని ఫొటో వైపు తిప్పారు. "అటు చెప్పు. గవర్నమెంటు మాటగా చెప్పు. నేను చెబితే నమ్మదు, ఇన్నేళ్లూ అట్టా అన్నవాణ్ణి."

నేను గ్లాసు కింద పెట్టి, చొక్కా సర్దుకుని, రెండు చేతులూ జోడించాను. "అమ్మా, మీ పచ్చడిలో ఏదీ తక్కువ కాలేదు. చాలా బాగుంది. మండలి తరఫున చెబుతున్నాను."

నా వెనక ఆయన కండువాతో ముక్కు తుడుచుకోవడం వినిపించింది. తర్వాత నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

"విన్నావుగా తులశీ," అన్నారు. "నాదీ అదే మాట."